అందఱి వీథి, కొందఱి గోడ

కులసభల చరిత్రమును వ్రాయువారు తీర్మానములను లెక్కింతురు. అధ్యక్షుల యుపన్యాసములను, ఆహ్వానసంఘమువారి పేర్లను, విద్యార్థినిధికి వసూలైన చందాలను వివరముగా నిత్తురు. ఆ సభలకు వచ్చినవా రే వీథిని నడచి వచ్చిరో, దారిలో నెవరి నూతినీరు త్రావిరో, రాత్రి యే యరుగుపై మేను వాల్చిరో మాత్రము వ్రాయరు. ఇవి చరిత్రమునకు తగని చిన్న సంగతులని వారి యభిప్రాయము కాబోలు. నా యభిప్రాయము వేఱు.

1917 నవంబరులో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను పంచమ మహాజనసభ జరిగెను. పంచమశబ్దమును త్యజించి తమను ఆదిఆంధ్రులని పిలుచుకొనవలెనని నిశ్చయించిన సభ యిదియే. సభ జరిగిన దినములలో ఇంద్రకీలాద్రిమీది కనకదుర్గమ్మ గుడి మూసివేయబడెను. సభకు వచ్చినవారు గుడిలో ప్రవేశింతురేమో యను భయమే దానికి హేతువు. తీర్మానములు గ్రంథములకెక్కినవి. తలుపు మూసిన సంగతి యొక వాక్యముతో ముగిసినది. నాకా తలుపు ఆ తీర్మానములకంటె తక్కువదిగా దోపదు. ఆ సభ యేల కావలసివచ్చెనో ఒక్క తలుపే చెప్పుచున్నది.

ఒక మనుష్యుని పదుగురు మెలగు చోటునుండి తొలగించుటకు నోటిమాట యొక్కటే సాధనము కాదు. “దూరము, దూరము” అని యఱచు నోరు పెక్కుకాలము పనిచేసెను. పిదప పలక వచ్చెను, కంచె వచ్చెను, గోడ వచ్చెను. తుదకు పండుకొనుటకు వీలులేని బెంచీ వచ్చెను. శాసనము నోటికి శిక్ష విధింపగలదు, పలకను పెఱికింపగలదు. గోడను గూర్చి యడిగినచో ఇది మా స్థలము, మా రక్షణకై కట్టుకొంటిమని యుత్తరము వచ్చును. బెంచీని గూర్చి యడిగినచో కార్ఖానానుండి అట్లే వచ్చినదందురు. మానవులను వెలియిడు పని మనుష్యుని నోటినుండి రాతిలోనికి, ఇనుములోనికి ఎట్లు ప్రవేశించినదో చూపుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

దీనికి వైకోము కథ మొదట చెప్పదగినది. తిరువాన్కూరు సంస్థానమునందలి ఆ పట్టణమున మహాదేవుని యాలయమును చుట్టి నాలుగు వీథులు కలవు. అవి దేవాలయములోని ప్రాకారములు కావు, సర్కారు బాటలు. అయినను ఆలయమునకు కొంతదూరమున పలకలు నాటి, అవర్ణులు వీనిని దాటి రాగూడదని వ్రాసియుంచిరి. క్రైస్తవులును మహమ్మదీయులును ఆ వీథులలో స్వేచ్ఛగా నడచుచుండిరి. పసులు నడచుచుండెను. ఈళవులును పులయలును నడువరాదు. ఈళవులలో ఆంగ్లవిద్య నభ్యసించినవారును, ధనవంతులును కలరు. వారును చుట్టుదారి పట్టవలసినదే. అదే మనుష్యుడు మతము మార్చుకొని మఱునాడు వచ్చినచో పలక యతని నాటంకపెట్టదు. అతని కాలు మాఱలేదు, బాట మాఱలేదు, పేరొక్కటియే మాఱినది. మైల యెచ్చట నుండెనో చదువరులే నిర్ణయింతురు గాక.

ఈ మొఱను భారతదేశము చెవిని వేసిన తావు మన కాకినాడ. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీగారి యధ్యక్షతను అచట కూడిన కాంగ్రెసునకు టి. కె. మాధవన్ గారు వచ్చి అవర్ణుల స్థితిని నాయకులకు విన్నవించి వారి మద్దతును సంపాదించుకొని పోయిరి. తరువాత కేరళ కాంగ్రెసువారు అస్పృశ్యతానివారణమునకై ప్రత్యేకసంఘము నేర్పఱచి, వైకోము వీథులను తమ ప్రథమరంగముగా నెంచుకొనిరి.

1924 మార్చి 30వ తేదీన మువ్వురు సేవకులు పలకవఱకు నడచిరి. కుంజప్పి పులయ, బాహులేయన్ ఈళవుడు, గోవింద పణిక్కరు నాయరు. పలకయొద్ద కావలియున్న పోలీసులు వారి కులముల నడిగి, నాయరు పోవచ్చును, తక్కిన యిద్దఱు పోరాదనిరి. మువ్వురమును కూడియే పోదుమని వారు పట్టుపట్టిరి, నిర్బంధింపబడిరి. మఱునాడు మఱి మువ్వురు వచ్చిరి. ఇట్లు కొన్నిదినములు గడచినవి. చెఱసాలకు పోవుటకు జను లుత్సహించుచుండుట జూచి సర్కారువారు ఏప్రిల్ 10వ తేదీనుండి పద్ధతి మార్చిరి. నిర్బంధించుట మానివైచి బాటల కడ్డముగా కంచెలు కట్టించిరి.

ఈ మార్పును మనవారు తఱుచుగా గమనింపరు. కథ చెప్పువారు నిర్బంధముల సంఖ్యను చెప్పి ముందునకు సాగుదురు. కాని నా దృష్టిలో సత్యాగ్రహమందలి మిక్కిలి కఠినమైన ఘట్టమిదియే. నిర్బంధించువాడు మనుష్యుడు. అతనికి పేరున్నది, మేజిస్ట్రేటు నెదుట అతడు కారణము చెప్పవలెను, అభియోగ మేదియో వ్రాయవలెను, మఱునాడు పత్రికలలో నది పడును. కంచెకు పేరులేదు. అది యే సెక్షను క్రిందను అభియోగము తేదు. దానియెదుట కూర్చుండినవానిపై నేరము లేదు గనుక అతనికి విచారణ లేదు, కీర్తియు లేదు. ఎండ యున్నది, వాన యున్నది. ఆ యేడు జూలైలో కేరళమును ముంచిన మహావఱద వైకోము వీథులనుగూడ ముంచెను. సేవకులు కంచెయెదుట మొలలోతు నీటిలో నిలిచిరి. పోలీసులు పడవలలో కూర్చుండి కావలి కాచిరి. నీటికి అడ్డుకట్టలేని కంచె మనుష్యునికి మాత్రము అడ్డముగనే నిలిచెను.

1925 ఫిబ్రవరిలో ఆ సంస్థానపు శాసనసభయందు వీథులు తెఱువవలెనను తీర్మానమునకు 21 ఓట్లు, వ్యతిరేకముగ 22 ఓట్లు వచ్చినవి. మార్చిలో గాంధీగారు పోయి ఆలయమువారిలో ముఖ్యుడైన నంబూదిరితో సంభాషించిరి. ఆ సంభాషణమైనను ఇంటిలోపల జరుగలేదు; గాంధీగారిని వెలుపలనే కూర్చుండబెట్టిరి. ఆ యిల్లు కాలక్రమమున కల్లుగీత కార్మికుల సంఘమునకు కార్యాలయమైనదని యెఱిగిన నాడు, చరిత్రమునకు హాస్యరసముగూడ తెలియునని నాకు తోచినది. 1925 నవంబరులో సత్యాగ్రహము ముగియునప్పటికి మూడువైపుల వీథులు అందఱికిని తెఱువబడినవి. తూర్పువైపు సవర్ణులకే నిలిచినది. తక్కినవారికై ధనము వెచ్చించి క్రొత్తబాట వేసిరి. ఒక్క పలకను తీయుటకంటె ఒక బాటను వేయుటయే ప్రభుత్వమునకు సులభముగ కనబడెను! తిరువాన్కూరు మహారాజుగారి దేవాలయప్రవేశ ప్రకటన 1936 నవంబరు 12వ తేదీన వెలువడువఱకు ఆ కొఱత తీఱలేదు.

ఇక శాసనముల మాట. మన సర్కారు జిల్లాలును రాయలసీమయు చేరియుండిన చెన్నరాజధానిలో 1924లోనే రెట్టమలై శ్రీనివాసన్ గారు ఒక తీర్మానమును శాసనసభలో ప్రవేశపెట్టి నెగ్గించిరి. ఏ కులమువారైనను ఏ సర్కారుబాటనైనను నడువవచ్చుననియు, సర్కారు కార్యాలయములు, నూతులు, చెఱువులు మున్నగువానిని వాడుకొనవచ్చుననియు దాని తాత్పర్యము. బొంబాయి శాసనసభవారు అట్టి తీర్మానమును అంతకు నొక యేడు ముందే చేసియుండిరి. మహాడు పురపాలకసంఘమువారు దాని ననుసరించి 1924లో చవదారు చెఱువు అందఱిదని ప్రకటించిరి. కాని కాగితము తడిసినదే కాని యెవ్వరి గొంతును తడియలేదు. 1927 మార్చి 20వ తేదీన అంబేడ్కరుగారు వేలమందితో నడచిపోయి దోసిలిలో నీరు త్రాగినతరువాతనే ఆ తీర్మానము శక్తి యెంతయో తేలినది. త్రాగినవారిని కొట్టిరి, చెఱువునకు శుద్ధిచేసిరి, పురపాలకసంఘము తన తీర్మానమును తానే రద్దుపఱచుకొనెను. హైకోర్టువారి తీర్పు 1937 మార్చి 17వ తేదీన వచ్చెను. ఒక్క దోసెడు నీటికి పదియేండ్లు!

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమున 15వ యధికరణము దుకాణములు, భోజనశాలలు, నూతులు, చెఱువులు, స్నానఘట్టములు, బాటలు, జనులు మెలగు తావులు అని యొక్కొక్కటియే పేర్కొని, వీనిలో జాతిమతకులములను బట్టి యెవ్వరికిని అభ్యంతరము పెట్టరాదని శాసించెను. రాజ్యాంగమువంటి గంభీరగ్రంథమున నూతుల పేరు, స్నానఘట్టముల పేరు ఏల వచ్చెనని కొందఱు చదువరులు వింతపడుదురు. పై కథ నెఱిగినవారు వింతపడరు. ఆ పదములలో నొక్కొక్కదాని వెనుక నొక్కొక్క యూరు నిలిచియున్నది.

ఇచ్చట మన సంగతియు కొంత చెప్పుకొనవలెను. కులసభల సంచికలలో మనము వెలికి గుఱియైనవారమని వ్రాసికొనుట పరిపాటి. అది యబద్ధము కాదు. అయినను ఊరి నడివీథిలో మనలను అరుగుక్రింద నిలిపినవా రుండినట్లే, ఊరిచివర మనము అరుగుక్రింద నిలిపినవారును ఉండిరి. రచ్చబండను ప్రజాస్వామ్యమునకు పుట్టినిల్లని పొగడు వ్యాసములను నేను పెక్కు చదివితిని. ఆ బండమీద కూర్చుండినవారి తీర్పును నేలమీద నిలిచి వినినవారు వానిలో కానరారు.

శాసనమువలన పలకలు పోయినవి. ‘బ్రాహ్మణులకు మాత్రము’ అని భోజనశాలలలో వ్రేలాడిన పలకలును పోయినవి. అంతట పని ముగిసెనని తలచినవారు గోడలను చూడలేదు. ఈ నేర్పు మన దేశమునకే చెందినదని తలపరాదు. మన కులమువలెనే వర్ణమును పట్టుకొని ప్రాకులాడిన అమెరికాలో దీనికి మిక్కిలి స్పష్టమైన తార్కాణము కలదు. డెట్రాయిటు నగరమున ఎనిమిదవ మైలు బాటచెంత నీగ్రోజాతివారు 1920 ప్రాంతములనుండి చిన్నయిండ్లు వేసికొని కాపురముండిరి. వారి ప్రక్కభూమిలో తెల్లవారికై యిండ్లు కట్టి విక్రయింపవలెనని యొక వ్యాపారి సంకల్పించెను. ఆ దినములలో గృహఋణములకు పూచీపడుచుండిన ఫెడరల్ ప్రభుత్వశాఖవారు, నల్లవారి పేట సమీపమున నున్నది గనుక ఆ స్థలము అపాయకరమని పూచీ నిరాకరించిరి. 1941లో ఆ వ్యాపారి రెండుపేటల నడుమ 6 అడుగుల యెత్తు, అడుగు మందము, సుమారు అరమైలు పొడవుగల సిమెంటుగోడను కట్టించెను. పూచీ లభించెను.

ఆ గోడమీద ఎవ్వరు రాగూడదో వ్రాయలేదు. 6 అడుగుల గోడను బాలుడైనను ఎక్కి దాటగలడు. రెండుకొనలను చుట్టి నడచిపోవుటయు కష్టము కాదు. మనుష్యులను ఆపుటకు గోడ కట్టలేదు. బ్యాంకివాని కన్నుల కొక గీత కనబడుటకు కట్టిరి. ఆ గీతకు ఈవలనున్నవానికి అప్పు పుట్టును, ఆవలనున్నవానికి పుట్టదు. అప్పు పుట్టినవాని బిడ్డలకు ఇల్లు ఆస్తియై మిగులును. తెల్లవారు కానివారికి ఇండ్లు విక్రయింపమను ఒప్పందములను న్యాయస్థానములు అమలుపఱుపరాదని 1948లో ఆ దేశపు సుప్రీముకోర్టు చెప్పెను. గృహవిక్రయములందు వర్ణభేదమును 1968 నాటి శాసనము నిషేధించెను. గోడ మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆ పేటవారు 2006లో దానిమీద తమ చరిత్రమును రంగులతో చిత్రించుకొనిరి. కట్టినవారు వ్రాయక విడిచినదానిని పడినవారు వ్రాసిరి.

మన దక్షిణదేశమున మధుర జిల్లా ఉత్తపురమునందు 1989 నాటి కులకలహముల పిదప లేచిన గోడ సుమారు 600 మీటర్ల పొడవు గలది. దళితుల వాడను ఊరినుండి వేఱుచేయు ఆ గోడకు విద్యుత్తంతులు తగిలించినారని 2008లో లోకమునకు తెలిసినది. ఆ యేటి మే 6వ తేదీన ప్రభుత్వమువారు 15 అడుగులమేర పడగొట్టించి దారి చేసిరి. రాజ్యాంగము వచ్చి నలువదియేండ్లకు లేచిన గోడ యది! పాతకాలపు మూఢత్వము తనంత తానే నశించునని చెప్పు మిత్రులకు ఈ తేదీని నేను తఱుచు జ్ఞాపకము చేయుచుందును.

నగరములలో గోడ కట్టుటకు చోటు చాలదు, కట్టిన పదుగురు చూతురు. అచట వేఱు నేర్పు కావలెను. లండను నగరమున క్యామ్డెన్ పురపాలకసంఘమువారికొఱకు 2012లో రూపొందించిన సిమెంటు బెంచీ యొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. దానికి సమమైన తలము లేదు; ప్రతివైపును వాలుగా నుండును. కొంతసేపు ఒఱగి కూర్చుండవచ్చును గాని పండుకొన వీలులేదు. అంతకంటె సాధారణమైన ఉపాయము, పొడవైన బెంచీకి నడుమనడుమ ఇనుపచేతులు బిగించుట. చూచువారికి అవి ముసలివారు ఆనుకొనుటకు పెట్టినట్లే యుండును. కొంత నిజమును కావచ్చును. కాని బెంచీ మధ్య చేయి పడినతోడనే ఇల్లులేనివానికి రాత్రి పడక పోయెను. బస్సు నిలుచు తావులలో బెంచీని తీసివైచి గొట్టమువంటి ఆనుడుకమ్మిని పెట్టుట ఇంకొక పద్ధతి. గర్భిణి, మోకాళ్ళనొప్పుల వృద్ధుడు, మూటదించుకొనదలచిన కూలి — వీరెవ్వరును ఆ నమూనా గీసినవాని మనస్సున లేరు. ఒక్కని తఱుముటకు చేసిన ఏర్పాటు పదిమందిని నిలువబెట్టుచున్నది.

2014 జూనులో లండనునందే సదర్కు వంతెనబాటలో నొక మేడ వాకిట, నిరాశ్రయులు పండుకొనకుండ నేలలో ఇనుపమొనలు నాటిరి. ప్రజలు గగ్గోలు పెట్టగా తీసివైచిరి. 2018లో బొంబాయి కోటప్రాంతమందు ఒక బ్యాంకువారు తమ వాకిటి అరుగుపై అట్టి మొనలనే బిగించి, నిందకు వెఱచి తొలగించిరి. ఇట్టి మొనలు చిరకాలముగ పట్టణములలో పావురములు వ్రాలకుండ చూరులకు కట్టునట్టివి. జాషువాగారు 1941లో గబ్బిలము కావ్యమున, గుడిలోనికి గబ్బిలమునకు గల ప్రవేశము దళితునకు లేకపోవుటను తలచి, శివునికి మొఱ చెప్పుమని దానినే రాయబారిగా పంపించిరి. ఆ నాడు పక్షికి గల హక్కు మనుష్యునికి లేకుండెను. ఈ నాడు పక్షిని తోలు సాధనమే మనుష్యునికిని చాలుచున్నది. ఇది మనుష్యుల యెడ సమదృష్టి యని మెచ్చుకొనవలెనో యేమో!

బెంచీని గోడతో పోల్చుట అత్యుక్తి యని ఆక్షేపింతురు. క్యామ్డెను బెంచీ ఎవ్వరి కులమునడుగదు, మేని రంగునడుగదు, నిజమే. కాని వీథిలో పండుకొనువా డెవడు? పగలంతయు మోసి, త్రవ్వి, ఊడ్చి, రాత్రి పోవుటకు ఇల్లు లేనివాడు. మన నగరములలో ఆ పనులు ఏ కులములవారి పాలబడినవో అందఱెఱుగుదురు. కులము నడుగనక్కఱలేకయే కులమును పట్టుకొను వలయిది. వైకోము పలక చెప్పిన మాటను ఇది చెప్పదు. చెప్పవలసిన యగత్యము లేదు.

మన యిండ్ల యరుగుల సంగతి చూడుడు. వీథివైపున మనుష్యుడు కూర్చుండునంత యెత్తున, పండుకొనునంత పొడవున అరుగు కట్టి, దానిపై చూరు దింపుట మన ప్రాతయిండ్ల సంప్రదాయము. గృహస్థుని సొమ్మే యైనను బాటసారి అడుగకయే కూర్చుండునట్టి చోటది. అదియు అందఱికిని దక్కలేదని ముందే చెప్పియుంటిని. అయినను ఆ కట్టుబడిలో వీథికొక చేయి చాచినట్టి గుణ ముండెను. ఇప్పుడు పట్టణములలో ఆ చోట ఇనుపకటకటాలు, ప్రహరీపై గాజుపెంకులు. వంతెనల క్రింద చదునైన చోటనెల్ల మొనదేలిన రాళ్ళు సిమెంటులో నాటుచున్నారు. ఆ రాళ్ళు పఱచుటకైన కూలి తెచ్చుకొనువాడు ఆ రాత్రి యెచ్చట పండుకొనునో!

కులసంఘములవారు కల్యాణమండపములను, విద్యార్థివసతిగృహములను కట్టించుచున్నారు, మనమును కట్టించుచున్నాము. శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనను చర్చకు మూడు సమావేశములు పట్టును. ద్వారము వెడల్పెంత, వీథివైపున నొక కుళాయి యుండునా, ఎండవేళ నెవ్వడైన కూర్చుండుటకు ప్రహరీవెంబడి జానెడు తిన్నె యుండునా యను ప్రశ్నలకు ఒక్క సమావేశమును పట్టదు. వానిని మేస్త్రీకి విడిచిపెట్టుదుము. మేస్త్రీ ప్రక్కవీథిలో కట్టినట్లే ఇచటను కట్టును. ఈ విషయమును భవననిర్మాణ సంఘములవారి యెదుట నుంచుచున్నాను. గోడ యెత్తును నిర్ణయించునపుడు వారు గోడ కావలివైపున నెవరి కప్పు లున్నవో కూడ చూడవలసియున్నది.

కోయంబత్తూరు జిల్లా మెట్టుపాళయమునకు చేరిన నడూరునందు ఆదిద్రావిడుల కాలనీని ఆనుకొని ఒక ధనికుని యింటి ప్రహరీ సుమారు 20 అడుగుల యెత్తున నుండెను. తమను వేఱుచేయుటకే అంత యెత్తుగా లేపిరని కాలనీవారనిరి. 2019 డిసెంబరు 2వ తేదీన, రాత్రియంతయు కురిసిన వానకు నాని, తెల్లవాఱుజామున నా గోడ కాలనీ యిండ్లపై కూలెను. నిద్రించుచున్న 17 మంది మరణించిరి. వారిలో స్త్రీలును పిల్లలును కలరు. ఆ గోడవలన ముప్పు కలదని ముందే మొఱపెట్టుకొంటిమని బ్రదికినవారు చెప్పిరి.